బాలస్వామి ఎడమ చెయ్యి

మా అన్న బాలస్వామి బేస్ గిటార్ వాయించేవాడు. ఆయన ఎడమ చెయ్యి ఎట్లా చెడిపోయిందో చెప్పాలని కూర్చున్నాను. దాని గురించి ఎవరి నోటికొచ్చింది వాళ్ళు చెప్పుకున్నారు. తాగుడు అన్నారు కొందరు. పోలీసు లాఠీ అన్నారు కొందరు. చేసుకున్న పాపమని మా చర్చిలోనే ఒక పెద్దమనిషి ముఖమ్మీదే అన్నాడు. ఆయన నోరు పడిపోను. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నదాన్ని నేను. నాకు తెలిసినట్టు వాళ్ళకేం తెలుసు?

మేము తార్నాకలో, యూనివర్సిటీకి పోయే తోవలో, ఈరమ్మ అనే ఆమె ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. మా నాయన చంద్రయ్య జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేసి చేసి, అందులోనే ఉండగా పోయాడు. మా అమ్మ ఉప్పలమ్మకు రెండు కళ్ళలోనూ పొరలు. ఎదురుగా మనిషి నిలబడ్డట్టు తెలిసేది కానీ ఎవరో తెలిసేది కాదు, అడుగుల చప్పుడును బట్టి పోల్చుకునేది. నేను పెళ్ళయిన రెండో ఏడే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి చేరి, కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతున్నాను. అన్న పగలంతా యూనివర్సిటీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరు. సాయంత్రమైతే గిటారు. పెళ్ళి మాటెత్తితే "దీన్ని మోసుడే సరిపోతున్నది చెల్లె, ఇంకొకలను యాడ మోస్త?" అని ఆ గిటారును చూపించేవాడు. నవ్వొచ్చేది నాకు, ఒళ్ళూ మండేది.

బేస్ అంటే తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. మామూలు గిటారుకు ఆరు సన్న తీగలుంటే దీనికి నాలుగే, అవి లావుగా ఉంటాయి. ఎడమ చేతి వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టి, కుడి చేత్తో మీటాలి. నొక్కుడులో బలం లేకపోతే స్వరం పలకదు, దబ్బుమని చచ్చిపోతుంది. పాట పాడేవాడికి చప్పట్లు కొడతారు గానీ, అడుగున ఈ మోత లేకపోతే డాన్సు చేసేవాళ్ళ కాళ్ళు ఆగిపోతాయి. అందుకే ఆ పని అన్నకు నచ్చింది. పదిమందిలో ముందు నిలబడే మనిషి కాదు ఆయన.

బ్యాండు డెన్నిస్‌ది. లాలాగూడ ఆంగ్లో ఇండియన్, రైల్వేలో గార్డు, పాడుతూ గిటారు వాయించేవాడు. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులకు, సీతాఫల్‌మండిలో, మల్కాజ్‌గిరిలో క్రైస్తవుల పెళ్ళిళ్ళకు, యూనివర్సిటీ హాస్టళ్ళలో వార్షికోత్సవాలకు వీళ్ళే వాయించేవాళ్ళు. ఇన్‌స్టిట్యూట్ హాలు రేకుల కప్పు. అందులో లావు తీగ మీటితే హాలంతా అదిరేది, సన్న తీగ మీటితే పక్కవాడికి కూడా వినబడేది కాదు.

"ఏం రా బాలు, ఒక నోట్ కొడితే ఖిడ్కీలు అదురుతున్నయ్, ఇంకో నోట్ గాయబ్" అన్నాడు డెన్నిస్ ఒకరోజు, మా వాకిట్లోనే నిలబడి. "ఇట్లనే అయితే నేను ఇంకో ఆద్మీని చూస్కుంట. బురా మత్ మానో, ఏమనుకోకు."

ఆ మాట అన్నకు మనసులో పడింది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు ల్యాబులో సత్తయ్యకు చెప్పుకున్నాడు.

సత్తయ్య వరంగల్ వైపు వ్యవసాయం చేసుకునేవాళ్ళ పిల్లవాడు, ఎమ్మెస్సీ చదువుతున్నాడు. హాస్టల్లో ఎవరి రేడియో మూగబోయినా ఇతనే విప్పేవాడు, కొన్నింటిని మళ్ళీ బిగించేవాడు కూడా. అన్నను "బాలన్నా" అని పిలిచేవాడు, నన్ను "అక్కా" అనేవాడు. వారం రోజులు తిప్పలు పడి ఒక బిస్కెట్ డబ్బాలో ఏదో తయారు చేసి పట్టుకొచ్చాడు. లోపలంతా నల్లరంగు పూశాడు. మధ్యలో ఒక టార్చిలైటు బల్బు, దానికెదురుగా గుండీ అంత బిళ్ళ, చుట్టూ వైర్లు. డబ్బా మీద తిప్పుకునే గుబ్బ ఒకటి. గిటారు వైరు ఒకవైపు పెట్టి, యాంప్లిఫయర్‌కు పోయే వైరు ఇంకోవైపు పెట్టాడు.

"గిదేంది సత్తన్నా, బాంబా?" అన్నాను.

"కంప్రెసర్ అక్కా" అన్నాడు. "సప్పుడును ఒత్తుతది. బాలన్న గట్టిగ కొట్టిండనుకో, లోపట బల్బు ఎలుగుతది. ఎలుగు ఆ బిళ్ళ మీద పడంగనే సప్పుడును కిందికి గుంజుతది. మెల్లగ కొట్టిండనుకో, బల్బు ఎలుగది, సప్పుడు తగ్గకుంట మొత్తం బయటికి పోతది. మా మెస్సుల వడ్డించేటోడు లేడా, ఎక్కువ తినేటోని కాడ గంటె ఎనక్కి తీస్తడు, తక్కువ తినేటోనికి ఇంకొంచెం ఏస్తడు. ఆఖరుకు అన్ని పళ్ళాలు ఒక్క తీరే."

మెస్సు వంటవాడి సంగతేమో గానీ, డబ్బా పనిచేసింది. అన్న మీటి చూశాడు. లావు తీగ గొంతు తగ్గింది, సన్న తీగ గొంతు పెరిగింది. పైగా స్వరం తొందరగా చావకుండా చాలాసేపు నిలబడింది. వాయించడం ఆపితే మాత్రం స్పీకరులోంచి బుస్సుమని ఒక చప్పుడు మెల్లగా పైకి లేచేది. ఆపగానే చేత్తో తీగలన్నీ మూసి, గుబ్బ తగ్గించడం నేర్చుకున్నాడు.

పోతూ పోతూ సత్తయ్య ఒక మాట చెప్పాడు. నేను మిషను ముందు కూర్చుని విన్నాను.

"బాలన్నా, గుబ్బను పావు వంతు తిప్పితే సాలు. ఎక్కువ తిప్పితే నువ్వు గట్టిగ కొట్టినా, మెల్లగ కొట్టినా ఒక్క తీరే ఇనబడతది. గప్పుడు చెయ్యి సోమరిదయితది. రోజు ఇంటికాడ జరసేపు ఈ డబ్బా లేకుంట వాయించు. నీ చెయ్యి ఏం చేస్తున్నదో నీ చెవికి తెలవాలె."

"అట్లనే" అన్నాడు అన్న. అని, ఆ మాటను పెడచెవిన పెట్టాడు. మా అన్న మంచివాడే. చెప్పిన మాట వినే గుణం మాత్రం దేవుడు ఇవ్వలేదు.

అరవై ఎనిమిది సంవత్సరమంతా మాకు మంచిరోజులే అనుకున్నాం. బాలు బేస్ నున్నగా ఉంటుందని పేరొచ్చింది. డెన్నిస్ ఇంకొకర్ని చూసుకుంటానన్న మాట మళ్ళీ ఎత్తలేదు, పైగా ఎవరైనా కొత్తవాళ్ళొస్తే అన్న భుజం మీద చెయ్యేసి చూపించేవాడు. అన్న ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. క్యాంపస్‌లో ఒక హాస్టల్ ఫంక్షనుకు నేనూ అమ్మా కూడా పోయాం. ల్యాబులో సీసాలు కడిగే మనిషి అక్కడ కోటు వేసుకుని నిలబడితే, అతనితో పగలు పని చేయించుకునే పిల్లలే చప్పట్లు కొట్టారు. అమ్మకు కనబడకపోయినా చెవి ఒగ్గి కూర్చుని, "గది మనోనిదే గదా, అడుగున గుమ్ముమంటున్నది" అని నా మోకాలు తట్టింది.

ఆ బ్యాండు వాళ్ళకొక పిచ్చి ఆచారం ఉంది. తీగలు నొక్కీ నొక్కీ వేళ్ళ కొసలు కాయలు కాస్తాయి కదా. కాయ ఎంత గట్టిపడితే వాడు అంత పెద్ద వాయిద్యగాడన్నమాట. కొత్తగా చేరినవాడి వేలి కొసకు అంటించిన సిగరెట్ తాకించి, ఎంతసేపు ఓర్చుకుంటాడో చూసేవాళ్ళు. మిగిలినవాళ్ళు కుయ్యోమని చెయ్యి లాక్కునేవాళ్ళు. మా అన్న ఎడమ చేతి చిటికెన వేలికి, ఉంగరపు వేలికి తాకించి పెట్టినా కదిలేవాడు కాదు. డెన్నిస్ ఆయనకు "ఇనుప వేళ్ళ బాలు" అని బిరుదిచ్చాడు. ఒకనాడు ఇంటికొచ్చాక చూస్తే చిటికెన వేలు కొస మీద కాదు, పక్కన, కాయలేని మెత్తని చోట బొబ్బ లేచి ఉంది.

"నొప్పి లేదా?" అన్నాను.

"ఏం లేదు. గిటార్ వాయించేటోళ్ళ చెయ్యి గంతే ఉంటది" అన్నాడు గొప్పగా.

"సిగ్గులేదా నీకు? పసిపిల్లలా నువ్వేమన్నా? కాల్చుకోనీకె చెయ్యే దొరికిందా?" అని తిట్టి, బొబ్బకు నూనె రాశాను. నేను తిట్టేకొద్దీ నవ్వాడు. ఆ నవ్వు మీద ఇప్పటికీ కోపమే నాకు.

తరువాత ఇంకా కొన్ని కనబడ్డాయి. చాయ్ గ్లాసు ఎడమ చేతిలోంచి జారి పగిలింది, ఒకసారి కాదు. చొక్కా కుడి చేతి గుండీ పెట్టుకోవడం రాక నన్ను పిలిచేవాడు. మోచేతి దగ్గర అరచేయంత పాలిపోయిన మచ్చ వచ్చింది. దురద లేదు, నొప్పి లేదు. కాంపౌండరు తామరేమోనని మలాము ఇచ్చాడు, రాసుకున్నాడు. చూపించుకొమ్మని నేను పోరు పెడుతూనే ఉన్నాను. "రోజు వాయిస్తున్న గదా. చెయ్యికి ఏమన్న అయితే వాయింపుల ముందుగాల తెల్వదా? నువ్వు జాకెట్లు కుట్టుకో చెల్లె" అనేవాడు. ఆ మాట నేనూ నమ్మాను. నిజమే కదా, వాయింపు ఏమాత్రం తగ్గలేదు. నాకు కనబడే చెయ్యి ఒకటి, నాకు వినబడే చెయ్యి ఇంకొకటి.

గుబ్బ మాత్రం పావు దగ్గర నిలబడలేదు. సగానికొచ్చింది, ముప్పావుకొచ్చింది. ఏ వేలితో నొక్కిన స్వరం సన్నగిల్లితే ఆ కాస్తా గుబ్బ తిప్పి సరిచేసుకునేవాడు. హాలు బాగాలేదనుకునేవాడు, తీగలు పాతబడ్డాయనుకునేవాడు. తన వేళ్ళలో బలం పోతున్నదని ఒక్కసారి కూడా తోచలేదు. తోచనివ్వలేదు ఆ డబ్బా. వేళ్ళు ఎంత ఓడిపోతే అంత పైకెత్తి పట్టుకుంది. ఇంట్లో డబ్బా లేకుండా వాయించమని సత్తయ్య చెప్పిన ఆ కాసేపు వాయించి ఉంటే, మొదటి నెలలోనే తెలిసిపోయేది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం లేచింది. క్యాంపస్‌లో క్లాసులు బందయ్యాయి, హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి, తార్నాక చౌరస్తాలో ఎప్పుడు చూసినా పోలీసు లారీలే. ల్యాబుకు తాళం పడింది. సత్తయ్య ఒక ఊరేగింపులో దొరికి జైలుకు పోయాడు. డాన్సులు లేవు, ఫంక్షన్లు లేవు. వేసవిలో సీతాఫల్‌మండిలో ఒక్క పెళ్ళికి మాత్రం బ్యాండు వాళ్ళకు పిలుపొచ్చింది. మధ్యాహ్నం విందు, చర్చి ఆవరణలో షామియానా. పెళ్ళికూతురు జాకెట్ నేనే కుట్టాను కాబట్టి నన్నూ పిలిచారు.

ఇద్దరం రిక్షాలో పోయాం. గతుకుల్లో ఎక్కడో డబ్బా అదిరింది. అక్కడ అన్నీ తగిలించి మీటి చూస్తే బల్బు వెలగలేదు, చప్పుడు చిర్రుబుర్రుమంది. లోపల వైరు ఊడి, బల్బు మాడిపోయింది. ఆదివారం, పైగా బందు, దుకాణాలన్నీ మూసి ఉన్నాయి.

"ఛోడ్ దో. డైరెక్ట్ పెట్టు" అన్నాడు డెన్నిస్.

అన్న డబ్బా పక్కన పెట్టి, గిటారును నేరుగా యాంప్లిఫయర్‌కు తగిలించాడు. పాట మొదలయింది.

నాకు సంగీతం రాదు. అయినా ఆ రోజు నాకే తెలిసింది. గుమ్మని ఒక మోత, తరువాత ఖాళీ. మళ్ళీ రెండు మోతలు, మళ్ళీ ఖాళీ. అడుగున నేల ఉన్నట్టే ఉండి కాలు పెడితే లోపలికి పోయినట్టుంది. డాన్సుకు లేచిన జంటలు ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుని నవ్వడం మొదలుపెట్టారు. డెన్నిస్ పాడుతూనే వెనక్కి తిరిగి చూశాడు.

"బాలు, స్ట్రింగ్ తెగిందా?"

తీగలు నాలుగూ ఉన్నాయి. అన్న వాల్యూం పెంచాడు. మోతలు ఇంకా పెద్దవయ్యాయి, ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. నేను లేచి దగ్గరికి పోయాను. చూపుడు వేలు, నడిమి వేలు తీగను నొక్కుతున్నాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు కొక్కేల్లాగా ముడుచుకుని, తీగ మీద ఆనుతున్నాయే గానీ నొక్కడం లేదు. చిటికెన వేలు పక్కన తీగ కోసుకుపోయి గిటారు మెడంతా రక్తం. ఆయన ముఖంలో నొప్పి లేదు. ఏమైందో అర్థంకాక తన చేతి వంక చూసుకుంటున్నాడు, ఎవరో పరాయివాడి చెయ్యిని చూసినట్టు.

గిటారు ఆయన మెడలోంచి నేనే తీశాను. కొంగు చించి వేలికి కట్టు కట్టాను. గట్టిగా ముడి వేస్తుంటే "చాలు, నొప్పి" అని కూడా అనలేదు. ఒక్కసారి అంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంది.

డాక్టరు దగ్గరికి పోవడానికి కూడా రెండు రోజులు పట్టింది, బస్సులు లేక. ఆయన చర్మరోగాల డాక్టరు, పెద్దవయసు. అన్నను కళ్ళు మూసుకొమ్మని, దూదిపోచతో ఎడమ చేతి మీద అక్కడక్కడా తాకిస్తూ, తాకిన చోటు చూపించమన్నాడు. కొన్నిచోట్ల అన్న చూపించాడు. మోచేతి మచ్చ మీద, చేతి అంచు పొడుగునా, ఆ రెండు వేళ్ళ మీద దూది ఆడుతూనే ఉంది, అన్న ఇంకా మొదలుపెట్టలేదనుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. డాక్టరు మోచేతి ఎముక వెనక వేలు పెట్టి నరం తడిమాడు. తాడంత లావైందన్నాడు.

రోగం పేరు చెప్పాడు. మా వైపు దాన్ని పెద్దరోగం అంటారు.

"మందుంది. రోజూ మాత్రలు మింగాలి, ఏండ్ల తరబడి. ఒళ్ళంతా పాకకుండా ఆపుతుంది. ఆ రెండు వేళ్ళు మాత్రం ఇక లేవవు" అన్నాడు. "ఏడాది పైనే అయింది ఇది మొదలై. అప్పుడే వచ్చి ఉంటే చెయ్యి దక్కేది. చేత్తో వాయించుకుని బతికేవాడివి కదయ్యా, బలం తగ్గుతుంటే నీకు తెలియలేదా?"

"ఇనబడలేదు సార్" అన్నాడు అన్న.

డాక్టరు ఏదో పిచ్చి సమాధానం అనుకున్నాడు. చీటీ రాసి మమ్మల్ని పంపించాడు.

రిక్షాలో అన్న నన్ను ఒకటే బతిమాలాడు. "లాఠీ దెబ్బ అని చెప్పు చెల్లె. పోలీసోళ్ళు కొట్టిన్రని చెప్పు. గల్లీల అందరికి గట్లనే చెప్దాం." అమ్మకు మాత్రం దాచలేదు, మందు మింగాలి కాబట్టి చెప్పాం. ఆమె ఏడ్చి, మోకరించి, "ప్రభువు చెయ్యి బాగు చేస్తడు" అని పట్టు పట్టింది. గల్లీలో లాఠీ మాట చెల్లింది. ఆ రోజుల్లో దెబ్బలు తిన్నవాళ్ళు ఇంటికొకరు ఉన్నారు. కొందరు వచ్చి అన్నను మెచ్చుకుని కూడా పోయారు. ఆయన తల వంచుకుని కూర్చునేవాడు.

పది రోజులు నడిచింది ఆ మాట. తరువాత కుష్ఠు నివారణ వాళ్ళ మనిషి సైకిలు మీద వచ్చాడు. ఇంట్లో ఎవరికైనా అంటిందేమో చూడాలని, నన్నూ అమ్మనూ వాకిట్లో నిలబెట్టి చేతులు, వీపు చూశాడు. పాపం ఆయన పని ఆయనది. మాకేం లేదని చెప్పిపోయాడు. కానీ గల్లీ అంతా తలుపుల్లోంచి చూసింది. ఆ సాయంత్రమే ఈరమ్మ దూరంగా నిలబడి, "నల్లా కాడికి మీరు రాకుండ్రి బిడ్డ. నేనే బిందె నింపి గడప కాడ పెడ్త" అంది. జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళు కుట్టకుండానే బట్టలు వెనక్కి తీసుకుపోయారు. డెన్నిస్ ఒక్కసారి వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, చాయ్ ఇస్తే వద్దన్నాడు. "గెట్ వెల్, బాలు" అని పెళ్ళిలో వదిలొచ్చిన గిటారు సంచి, డబ్బా, స్పీకరు గడప మీద పెట్టి పోయాడు. సిగరెట్లతో ఆ వేళ్ళను కాల్చింది ఈ చేతులే కదా అని నాకు వాణ్ణి పట్టుకుని దులపాలనిపించింది. నోరు కట్టుకుని లోపలికొచ్చాను.

సత్తయ్య జైలు నుంచి విడుదలై మా ఇంటికొచ్చాడు. అతనొక్కడే గడప దాటి లోపలికొచ్చి, అన్న పక్కనే మంచం మీద కూర్చున్నాడు. సంగతంతా విన్నాడు.

"నేనే జేసిన ఆ డబ్బా" అన్నాడు.

"నువ్వు చెప్పిన మాట వినలేదు ఆయన. నీ తప్పేం లేదు" అన్నాను. అన్నానే గానీ నా గొంతులో కోపం అతనికి తెలిసే ఉంటుంది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం అది. డబ్బాను బాగు చేసివ్వమని అన్న అడిగితే, సత్తయ్య తల అడ్డంగా ఊపి లేచి వెళ్ళిపోయాడు.

అన్న ఊరుకోలేదు. నాలుగు రోజుల తరువాత కిరాణా కొట్టు నుంచి టార్చి బల్బు తెచ్చుకున్నాడు. నేను మిషను ముందు ఊరికే కూర్చున్నాను, కుట్టడానికేం లేదు. అమ్మ మంచంలో పడుకుని ఉంది. పొద్దు ఇంకా నడినెత్తి మీదే ఉంది. కుడి చేత్తోనే డబ్బా విప్పి, ఊడిన వైరు మెలిపెట్టి, బల్బు బిగించి, మూత పెట్టాడు. గుబ్బను చివరికంటా తిప్పాడు. గిటారు మెడలో వేసుకుని రెండే వేళ్ళతో మొదలుపెట్టాడు.

ఆ రెండు వేళ్ళు నాలుగు వేళ్ళ పని చెయ్యడానికి తీగల మీద పైకీ కిందికీ ఉరుకుతున్నాయి. అందనిచోట ముడుచుకున్న వేళ్ళ కణుపులతో రుద్దుతున్నాడు. కానీ కళ్ళు మూసుకుని వింటే ఏ లోపమూ లేదు. ప్రతి స్వరం నున్నగా, నిండుగా, ఒకదాని వెంట ఒకటి వస్తున్నది.

అమ్మ లేచి కూర్చుంది.

"బాలా, చెయ్యి బాగైంది గదా బిడ్డ?"

అన్న వాయిస్తూనే ఉన్నాడు.

"నేను చెప్పలేదా? ప్రభువు ఇన్నడు. ముందటి లెక్కనే ఉన్నది, ఒక్కటి తప్పుత లేదు." ఆమె ముఖం మీద నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతున్నది.

అన్న నా వంక చూశాడు. ఊరుకోమని ఆ చూపులోనే కాళ్ళు పట్టుకున్నాడు. నావల్ల కాలేదు. ఏడాది పొడుగునా ఆ డబ్బా చెప్పిన అబద్ధాన్నే ఇంట్లో అందరం నమ్మాం. ఇక చాలనిపించింది.

"బాగు కాలేదమ్మా. అట్ల ఇనిపించేది ఆ డబ్బా. రెండు వేళ్ళు ముడుసుకపోయినయి. ఇగ లెవ్వయి" అన్నాను.

వాయింపు ఆగింది. స్పీకరులోంచి బుస్సుమనే చప్పుడు మెల్లగా లేచి గది నిండా నిలబడింది. అమ్మ కళ్ళు తుడుచుకోలేదు, నన్ను తిట్టలేదు.

"ఇటు రా బిడ్డ" అంది.

అన్న గిటారు దించి, పోయి మంచం పట్టె మీద కూర్చున్నాడు. అమ్మ గాలిలో తడుముకుంటూ ఆయన ఎడమ చెయ్యి పట్టుకుంది. బొటనవేలు మొదలు ఒక్కొక్క వేలూ తడిమింది. ముడుచుకున్న వేళ్ళ దగ్గర ఆగి, చాపబోయింది. అవి సాగలేదు. ఒక వేలిని పిడికిట్లో పెట్టుకుని, చలికి వణికే చిన్నపిల్లవాణ్ణి నిమిరినట్టు నిమరడం మొదలుపెట్టింది.

"నేను పట్టుకున్నది తెలుస్తున్నదా?"

"తెలుస్తున్నదమ్మ" అన్నాడు అన్న గోడ వైపు చూస్తూ.

"ఏ వేలు పట్టుకున్న?"

అన్న గోడ మీది నుంచి చూపు తిప్పి, తల వంచి, అమ్మ పిడికిలి వంక చూశాడు. చూసి, "చిటికెన వేలమ్మ" అన్నాడు.